కేంద్రక విచ్ఛిత్తి పాఠం చెప్పే ఫిజిక్స్ లెక్చరర్లకీ, ఆ పాఠం రాసే పెద్దలకీ ఒక బహిరంగ లేఖ

నమస్కారం సార్, నమస్కారం మేడమ్.

నేను టీచర్‌ని కాదు, సైంటిస్ట్‌ని అంతకంటే కాదు. తెలుగు మీడియంలో ఇంటర్ ఎంపీసీ, ఆ తర్వాత బీఎస్సీ చదివి, ఇప్పుడు హైదరాబాద్‌లో ఈసీఐఎల్ వైపు ఉంటూ ఉద్యోగం చేసుకుంటున్నాను. మా అక్క కూతురు మా ఇంట్లోనే ఉండి ఇంటర్ సెకండియర్ చదువుతోంది. పోయిన వారం ఒక రాత్రి వంటింట్లో గిన్నెలు సర్దుతుంటే హాల్లోంచి దాని గొంతు వినిపించింది, "కేంద్రక విచ్ఛిత్తిని కనుగొన్నవారు హాన్, స్ట్రాస్‌మన్" అని నాలుగైదు సార్లు పైకి అనుకుని, ఇక వచ్చేసింది అన్నట్టు తర్వాతి బిట్‌కి వెళ్ళిపోయింది. ఇరవై ఏళ్ళ కిందట నేను కూడా ఇదే వాక్యం ఇలాగే బట్టీ పట్టాను. అప్పుడు మా కాలేజీలో సార్‌ని అడిగాను, విచ్ఛిత్తి అంటే పరమాణువు మధ్యలో ఉండే కేంద్రకం రెండుగా పగలడం కదా, కంటికి కనపడని దాన్ని పగిలిందని వాళ్ళకి ఎలా తెలిసింది సార్ అని. "అది ఎగ్జామ్‌లో రాదమ్మా, ఈక్వేషన్ బ్యాలెన్స్ చెయ్యడం చూస్కో" అన్నారు. ఆయన మీద నాకు కోపం లేదు, సిలబస్ అవగొట్టాలి, రివిజన్ చెయ్యాలి, ఆయన బాధలు ఆయనవి. కానీ ఆ ప్రశ్న నన్ను వదల్లేదు, ఆ తర్వాత లైబ్రరీల్లో, ఎక్కడ దొరికితే అక్కడ దాని గురించి చదువుతూనే ఉన్నాను. చదివిన కొద్దీ అనిపించింది, మొత్తం చాప్టర్‌లో పిల్లలకి చెప్పాల్సిన అసలు సంగతే మనం చెప్పట్లేదు అని. అందుకే ఈ ఉత్తరం.

ఆ అసలు సంగతి ఏంటంటే, ప్రపంచంలోనే గొప్ప గొప్ప సైంటిస్టులు, నోబెల్ వచ్చినవాళ్ళు, నాలుగేళ్ళ పాటు తమ బల్ల మీద పరమాణువు పగులుతూ ఉంటే అది పగలడం అని గుర్తుపట్టలేకపోయారు. 1934 నుంచి 1938 చివరి దాకా. రోమ్‌లో, బెర్లిన్‌లో, పారిస్‌లో, మూడు చోట్లా. ఈ నాలుగేళ్ళ గురించి మన పాఠంలో ఒక్క ముక్క ఉండదు. డైరెక్ట్‌గా ఆన్సర్‌తో మొదలవుతుంది.

కథ ఎక్కడ మొదలుపెట్టాలంటే 1932లో, కేంబ్రిడ్జ్‌లో చాడ్విక్ న్యూట్రాన్‌ని కనుక్కోవడం దగ్గర. దీన్ని కూడా మనం ఒక బిట్‌గానే నేర్చుకుంటాం కానీ దాని విలువ ఏంటో చెప్పరు. అంతకు ముందు కేంద్రకంలోకి ఏదైనా పంపాలంటే ఆల్ఫా కణాలో ప్రోటాన్లో పంపాలి, వాటికి పాజిటివ్ ఛార్జ్ ఉంటుంది, కేంద్రకానికీ పాజిటివే, దగ్గరికి వెళ్ళేలోపే తోసేస్తుంది, బరువైన కేంద్రకాల దగ్గరికైతే అసలు చేరలేవు. న్యూట్రాన్‌కి ఛార్జ్ లేదు కాబట్టి దాన్ని ఆపేవాళ్ళు లేరు, నేరుగా లోపలికి వెళ్ళిపోతుంది. 1934 మొదట్లో పారిస్‌లో ఐరీన్ క్యూరీ, ఆమె భర్త ఫ్రెడరిక్ జోలియో కలిసి అల్యూమినియం మీద ఆల్ఫా కణాలు పంపి రేడియోధార్మికతని చేతులతో పుట్టించొచ్చని చూపించారు, అది చూసి రోమ్‌లో ఎన్రికో ఫెర్మి, మరి ఆల్ఫా బదులు న్యూట్రాన్లు పంపితే అనుకున్నాడు.

ఫెర్మి పద్ధతి నాకు చాలా ఇష్టం. పీరియాడిక్ టేబుల్ ముందు పెట్టుకుని హైడ్రోజన్ నుంచి వరసగా మొదలుపెట్టాడు. మొదటి కొన్నిట్లో ఏమీ రాలేదు, ఫ్లోరిన్ దాకా వచ్చాక రేడియోధార్మికతని లెక్కపెట్టే కౌంటర్ టిక్ టిక్ మంది. అలా ఒక్కొక్క మూలకమే చేసుకుంటూ చివరికి 92వ నంబర్ యురేనియం దగ్గరికి వచ్చాడు. అదే ఏడాది అక్టోబర్‌లో ఇంకోటి గమనించారు, చెక్క బల్ల మీద ప్రయోగం చేస్తే ఒక రిజల్ట్, పాలరాయి బల్ల మీద చేస్తే ఇంకో రిజల్ట్ వస్తోంది. ఎందుకా అని న్యూట్రాన్లకి అడ్డంగా పారఫిన్ మైనం దిమ్మ పెట్టి చూస్తే, తగ్గాల్సిన రేడియోధార్మికత విపరీతంగా పెరిగింది. మైనంలోనూ చెక్కలోనూ ఉన్న హైడ్రోజన్‌కి గుద్దుకుని గుద్దుకుని న్యూట్రాన్లు నెమ్మదిస్తాయి, నెమ్మదిగా వచ్చే న్యూట్రాన్ కేంద్రకం దగ్గర ఎక్కువ సేపు ఉంటుంది కాబట్టి ఇంకా తేలిగ్గా దొరికిపోతుంది. మనం చాప్టర్ చివర 'మితకారి అనగానేమి' అని రెండు మార్కులకి చదివేది ఇదే సార్! చెక్క బల్లా, పాలరాయి బల్లా తేడా దగ్గర పుట్టిన ఆలోచన అది. ఆ రెండు బల్లల సంగతి చెప్తే జన్మలో మర్చిపోతామా?

ఇక యురేనియం. దాని మీద న్యూట్రాన్లు పంపితే ఒకటి కాదు, రకరకాల అర్ధాయువులున్న (అర్ధాయువు అంటే సగం తరిగిపోవడానికి పట్టే కాలం) కొత్త కొత్త రేడియోధార్మికతలు వచ్చాయి. ఇవి ఏ మూలకాలు అని ఫెర్మి గుంపు కెమిస్ట్రీ పరీక్షలు చేసింది. యురేనియం కాదు, దాని కింద ఉన్నవీ కాదు, అలా 82వ నంబర్ సీసం దాకా చూసి ఆగిపోయారు. అక్కడితో ఎందుకు ఆగారంటే, అప్పటిదాకా చూసిన ప్రతి కేంద్రక చర్యలోనూ గోడకి పెచ్చు ఊడినట్టు ఒక ప్రోటానో ఒక ఆల్ఫా కణమో మాత్రమే ఊడేది, మహా అయితే రెండు మెట్లు కిందికి దిగేది. గోడ మధ్యకి చీలిపోతుందని ఎవరి ఊహలోనూ లేదు. కాబట్టి కింద లేదంటే పైన ఉండాలి, 93వ మూలకం పుట్టింది అనుకున్నారు.

ఈ తప్పుకి ఇంకో కారణం పీరియాడిక్ టేబుల్‌లోనే ఉంది. అప్పట్లో టేబుల్ ఇప్పటిలా ఉండేది కాదు, ఆక్టినైడ్స్ అనే అడుగు వరస లేదు, యురేనియంని టంగ్‌స్టన్ కింద రాసేవాళ్ళు. అందుకని 93 రీనియంలాగా, 94 ఆస్మియంలాగా ప్రవర్తించాలి అని లెక్క. నిజానికి యురేనియం ముక్కలైతే వచ్చే మూలకాల్లో టేబుల్ మధ్యలో ఉండే లోహాలు ఉంటాయి, వాటిలో కొన్ని కెమిస్ట్రీలో వీటికి చుట్టాలే, అందుకే పరీక్ష చేసిన ప్రతిసారీ 'అవును ఇది 93 లాగే ఉంది' అనిపించింది. క్లాస్ గోడకి వేలాడే ఆ చార్ట్‌ని మనం దేవుడి పటంలా చూస్తాం కదా, ఆ చార్టే నాలుగేళ్ళు వీళ్ళని పక్కదారి పట్టించింది. ఈ ఒక్క విషయం పిల్లలకి చెప్తే సైన్స్ అంటే ఏంటో వాళ్ళకి ఇంకోలా అర్థమవుతుంది.

అప్పుడే ఒకావిడ ఈ తప్పు ఎత్తిచూపింది. ఈడా నోడాక్, జర్మన్ కెమిస్ట్, రీనియంని కనుక్కున్న వాళ్ళలో ఆమె ఒకరు. 1934లోనే ఒక వ్యాసం రాసింది, సీసం దగ్గర ఎందుకు ఆగారు, తెలిసిన మూలకాలన్నిటితోనూ పోల్చి చూడాలి కదా, బరువైన కేంద్రకం పెద్ద పెద్ద ముక్కలుగా విడిపోయి ఉండొచ్చు కదా అని. ఎవ్వరూ పట్టించుకోలేదు. పట్టించుకోకపోవడానికి ఆమె అంతకు ముందు ప్రకటించిన మసూరియం అనే మూలకం నిలబడకపోవడం ఒక కారణం, ఆమె కూడా ఆ మాట అనేసి ఊరుకుంది, ప్రయోగం చేసి చూపించలేదు. నేను చదివిన కొంతమంది ఈవిడే అసలు కనుక్కుంది అంటారు, నేను అంత దూరం వెళ్ళను, కానీ సరైన ప్రశ్న వేసిన మొదటి మనిషి మాత్రం ఆమే, ఆ క్రెడిట్ ఇవ్వాలి.

ఇప్పుడు బెర్లిన్. ఇక్కడ కాస్త ఎక్కువ రాస్తాను, నా బాధంతా ఇక్కడే ఉంది.

లీజె మైట్నర్ 1878లో వియన్నాలో పుట్టింది. 1906లో ఫిజిక్స్‌లో డాక్టరేట్. 1907లో బెర్లిన్ వచ్చి ఒట్టో హాన్ అనే కెమిస్ట్‌తో కలిసి పని మొదలుపెట్టింది. ఆ కెమిస్ట్రీ ఇన్‌స్టిట్యూట్‌లోకి ఆడవాళ్ళని రానిచ్చేవాళ్ళు కాదు, అందుకని కింద వడ్రంగి పనికి వాడిన గది ఇచ్చారు, అక్కడ పని చేసుకోవచ్చు, పైనున్న లాబ్‌లకి మాత్రం వెళ్ళకూడదు. అలా మొదలైన మనిషి తర్వాత కైజర్ విల్‌హెల్మ్ ఇన్‌స్టిట్యూట్‌లో ఫిజిక్స్ విభాగానికి హెడ్ అయ్యింది, హాన్‌తో కలిసి 91వ మూలకం ప్రొటాక్టినియం మీద పేరు తెచ్చుకుంది. 1934లో ఫెర్మి యురేనియం ప్రయోగాలు చదివి, ఇది మనం చేద్దాం రా అని హాన్‌ని ఒప్పించింది కూడా ఆమే. తర్వాత ఫ్రిట్జ్ స్ట్రాస్‌మన్ వచ్చి చేరాడు. ఈ ముగ్గురిదీ ఒక టీమ్. నాలుగేళ్ళలో వాళ్ళు 93, 94, 95, 96 అంటూ 'కొత్త మూలకాల' పెద్ద లిస్టే తయారు చేశారు, దాదాపు అంతా తప్పు. ఆ తప్పుల మధ్యలో ఒక నిజం కూడా ఉంది, 23 నిమిషాల అర్ధాయువున్న యురేనియం-239ని వాళ్ళు కరెక్ట్‌గా పట్టుకున్నారు, అది క్షయమైతే వచ్చేదే నిజమైన 93, కానీ దాన్ని వాళ్ళు చూడలేకపోయారు. 1940లో అమెరికాలోని బర్క్‌లీలో మెక్‌మిలన్, ఏబెల్సన్ దాన్ని పట్టుకున్నారు, అదే నెప్ట్యూనియం.

మైట్నర్ యూదు కుటుంబంలో పుట్టింది. హిట్లర్ వచ్చినా ఆస్ట్రియా పౌరసత్వం ఉంది కాబట్టి కొంత కాలం నెట్టుకొచ్చింది, 1938 మార్చిలో ఆస్ట్రియానే జర్మనీలో కలిపేసుకున్నాక ఆ అండ కూడా పోయింది. పాస్‌పోర్ట్ చెల్లదు, దేశం దాటనివ్వరు. జులై 13న డిర్క్ కోస్టర్ అనే డచ్ ఫిజిసిస్ట్ వచ్చి రైల్లో తోడుండి ఆమెని బోర్డర్ దాటించాడు. అప్పుడు ఆమె వయసు 59. 30 ఏళ్ళు పనిచేసిన ఊరు వదిలి వెళ్తుంటే పర్సులో 10 మార్కులు, ఇంకా హాన్ ఇచ్చిన వాళ్ళ అమ్మ వజ్రపుటుంగరం, బోర్డర్‌లో ఎవరికైనా లంచం ఇవ్వాల్సొస్తే పనికొస్తుందని. ఇది రాస్తున్నప్పుడు కూడా నాకు గొంతు పట్టేస్తోంది. అక్కడి నుంచి స్టాక్‌హోమ్ చేరింది, అక్కడ ఆమెకి సరైన పరికరాలూ లేవు, తోడు పనిచేసేవాళ్ళూ లేరు. మిగిలింది ఉత్తరాలు.

అదే ఏడాది పారిస్‌లో ఐరీన్ క్యూరీ, పావ్లె సావిచ్ కలిసి యురేనియంలోంచి ఒక వింత పదార్థం వచ్చిందన్నారు, మూడున్నర గంటల అర్ధాయువు, చూడ్డానికి లాంథనంలా ఉంది. బెర్లిన్ వాళ్ళు ముందు నమ్మలేదు. తర్వాత హాన్, స్ట్రాస్‌మన్ తామే చేసి చూస్తే, బేరియంతో కలిసి అవక్షేపంగా దిగే ఏదో రేడియోధార్మిక పదార్థం దొరికింది. బేరియంతో కలిసి వచ్చేది రేడియం కదా, ఒకే గ్రూపు, కాబట్టి రేడియం అనుకున్నారు. నవంబర్‌లో హాన్ కోపెన్‌హేగెన్ వెళ్ళినప్పుడు మైట్నర్‌ని కలిశాడు, రహస్యంగానే, ఆమె గట్టిగా చెప్పింది, నెమ్మది న్యూట్రాన్‌తో యురేనియం రేడియం అవ్వడం ఫిజిక్స్ ప్రకారం కుదరదు, మళ్ళీ జాగ్రత్తగా చెయ్యండి అని.

వాళ్ళు మళ్ళీ చేశారు. ఇక్కడ స్ట్రాస్‌మన్, హాన్‌ల చేతి పని ఎంత గొప్పదో చెప్పాలి. వాళ్ళ దగ్గరున్న ఆ కొత్త పదార్థం కొన్ని వేల పరమాణువులు మాత్రమే, కంటికి కాదు కదా ఏ తరాజుకీ అందదు, కౌంటర్ టిక్కుల్ని బట్టి ఎక్కడుందో తెలుసుకోవడమే. దానికి మామూలు బేరియం కలిపి స్ఫటికాలు కట్టించాలి, పటికబెల్లం కట్టినట్టు. నిజంగా రేడియం అయితే మొదట కట్టే స్ఫటికాల్లో ఎక్కువగా చేరుతుంది, అలా చేస్తూ పోతే బేరియం నుంచి విడిపోతుంది. ఎన్నిసార్లు చేసినా విడిపోలేదు. సరే మన చేతిలోనే లోపం ఉందేమో అని, అసలు సిసలు రేడియం తీసుకుని అదే పద్ధతిలో చేస్తే, చక్కగా విడిపోయింది! అంటే పద్ధతి కరెక్టే, చేయి కరెక్టే, పేరే తప్పు. అది రేడియంలా ఉండే ఇంకోటి కాదు, బేరియమే. 88వ నంబర్ కాదు, 56వ నంబర్. 92 మీద ఒక్క న్యూట్రాన్ పడితే 56 ఎలా వస్తుంది?

డిసెంబర్ 19, సోమవారం రాత్రి లాబ్‌లో కూర్చుని హాన్ మైట్నర్‌కి ఉత్తరం రాశాడు, మా రేడియం బేరియంలా ప్రవర్తిస్తోంది, నువ్వేమైనా అద్భుతమైన కారణం చెప్పగలవేమో చూడు అని. మూడు రోజుల తర్వాత పేపర్ పంపేశారు, 1939 జనవరి 6న అచ్చయింది. ఆ పేపర్‌లో కూడా వాళ్ళు భయపడుతూనే రాశారు, కెమిస్టులుగా ఇది బేరియం అనే చెప్పాలి కానీ ఫిజిక్స్ అనుభవం అంతా దీనికి ఎదురుగా ఉంది కాబట్టి ఆ అడుగు వెయ్యలేకపోతున్నాం అని. పగిలింది అనే మాట అందులో లేదు సార్. బేరియం వచ్చింది అని మాత్రమే ఉంది. నేను బట్టీ పట్టిన బిట్‌లో ఉన్న ఇద్దరూ చూపించింది అదీ.

పగిలింది అన్న మాట స్వీడన్‌లో మంచులో పుట్టింది. మైట్నర్ క్రిస్మస్‌కి కుంగెల్వ్ అనే చిన్న ఊరికి స్నేహితుల ఇంటికి వెళ్ళింది, ఆమె అక్క కొడుకు ఒట్టో ఫ్రిష్ కూడా వచ్చాడు, అతనూ ఫిజిసిస్టే, కోపెన్‌హేగెన్‌లో నీల్స్ బోర్ అనే పెద్ద ఫిజిసిస్ట్ దగ్గర పని. అతను తన ప్రయోగం గురించి పిన్నికి చెప్పుకుందామని వస్తే, ఆవిడ వినే పరిస్థితిలో లేదు, ముందు ఈ ఉత్తరం చదువు అంది. చదివి, ఇదేదో పొరపాటయ్యుంటుంది అన్నాడు. ఆవిడ ఒప్పుకోలేదు, హాన్ అలాంటి పొరపాటు చేసే కెమిస్ట్ కాదు అంది. ఆ నమ్మకం చూడండి, 30 ఏళ్ళు పక్కపక్కన నిలబడి పనిచేస్తే వచ్చే నమ్మకం అది. ఇద్దరూ బయటికి నడకకి వెళ్ళారు, అతను స్కీయింగ్ చెక్కల మీద, ఆవిడ కాలినడకన, నేనూ అంతే స్పీడ్‌గా నడుస్తానని. కొంత దూరం వెళ్ళాక ఒక పడిపోయిన చెట్టు మొద్దు మీద కూర్చుని కాగితం ముక్కల మీద లెక్కలు మొదలుపెట్టారు.

కేంద్రకం గట్టి రాయి కాదు, నీటి బొట్టులాంటిది అని బోర్ లాంటివాళ్ళు అప్పటికే అనేవాళ్ళు, అదే మన ద్రవబిందు నమూనా. ఇది అర్థం కావాలంటే బోర్డు మీద బొమ్మ అక్కర్లేదు, చేమదుంప ఆకు చాలు, కూరగాయల బండి మీద దొరుకుతుంది. ఆకు మీద ఒక పెద్ద నీటి బొట్టు వేస్తే గుండ్రంగా ముత్యంలా నిలబడుతుంది, తలతన్యత, అంటే నీటి పైపొర బిగువు, దాన్ని పట్టి ఉంచుతుంది. ఆకుని అటూ ఇటూ ఊపితే బొట్టు సాగుతుంది, మధ్యలో నడుములా సన్నబడుతుంది, ఇంకాస్త ఊపితే టక్కున రెండు బొట్లయిపోతుంది. ఇప్పుడు ఆ బొట్టులో 92 ప్రోటాన్లు ఒకదాన్నొకటి తోసుకుంటూ ఉన్నాయనుకోండి, ఆ తోపులాట తలతన్యతకి ఎదురు పనిచేస్తుంది, ప్రోటాన్లు పెరిగిన కొద్దీ పట్టు సడలిపోతుంది, మైట్నర్, ఫ్రిష్ లెక్క కడితే దాదాపు 100 ప్రోటాన్ల దగ్గర పట్టు పూర్తిగా పోతుందని తేలింది. అంటే యురేనియం అంచు మీద నిలబడి ఉంది. ఒక్క న్యూట్రాన్ వచ్చి తగిలితే చాలు వణుకుతుంది, సాగుతుంది, నడుము సన్నబడుతుంది, రెండవుతుంది.

రెండయ్యాక ఆ రెండు ముక్కలూ ఒకదాన్నొకటి ఎంత బలంగా తోసుకుంటాయి అని లెక్క వేస్తే దాదాపు 20 కోట్ల ఎలక్ట్రాన్ వోల్టులు వచ్చింది. బొగ్గు మండితే ఒక్కో కార్బన్ పరమాణువుకి వచ్చేది నాలుగు ఎలక్ట్రాన్ వోల్టులు, అంటే ఇది ఐదు కోట్ల రెట్లు. మరి ఇంత శక్తి ఎక్కడి నుంచి వచ్చింది? కేంద్రకాల ద్రవ్యరాశులు లెక్కగట్టే ఫార్ములా మైట్నర్‌కి నోటికి వచ్చు, అక్కడే మంచులో కూర్చుని లెక్కేసింది, రెండు ముక్కల బరువూ కలిపితే అసలు దానికంటే ప్రోటాన్ బరువులో అయిదో వంతు తక్కువ ఉంది. ఆ తగ్గిన దాన్ని ఐన్‌స్టీన్ ఈ ఈక్వల్‌టు ఎంసీ స్క్వేర్‌లో పెడితే మళ్ళీ సుమారు అదే 20 కోట్లు! రెండు వేరే వేరే దారుల్లో వెళ్తే లెక్క ఒకే గుమ్మం ముందుకొచ్చి ఆగింది. నేను మొదటిసారి ఇది చదివినప్పుడు ఆఫీసు బస్‌లో ఉన్నాను, నా స్టాప్ దాటిపోయింది కూడా తెలీలేదు. ఈ 20 కోట్లే మనం పాఠంలో '200 మిలియన్ ఎలక్ట్రాన్ వోల్ట్' అని ఒక ఖాళీలో నింపే నంబర్.

ఫ్రిష్ కోపెన్‌హేగెన్ వెళ్ళి బోర్‌కి చెప్తే, ఆయన నుదురు కొట్టుకుని ఇన్నాళ్ళూ మనమెంత మూర్ఖులం అన్నాడట. ఫ్రిష్ జనవరి 13న ప్రయోగం చేసి పగిలిన ముక్కలు ఇచ్చే పెద్ద పెద్ద విద్యుత్ పల్స్‌లు కళ్ళతో చూశాడు. ఆ ప్రయోగానికి కొత్త పరికరమేమీ అక్కర్లేదు, చాలా లాబ్‌లలో అప్పటికే ఉన్నదే. రోమ్‌లో ఫెర్మి మనుషులైతే యురేనియం మీద అల్యూమినియం రేకు కప్పారు, దాని సొంత ఆల్ఫా కణాలు అడ్డు రాకుండా, ఆ రేకే ఈ ముక్కల్ని కూడా ఆపేసింది. అంత పల్చటి రేకు వెనకాల ఉండిపోయింది నిజం!

ఇక పేరు. ఫ్రిష్ అక్కడే పనిచేస్తున్న విలియం ఆర్నాల్డ్ అనే అమెరికన్ బయాలజిస్ట్‌ని అడిగాడు, ఒక జీవకణం రెండుగా విడిపోవడాన్ని మీరేమంటారు అని. ఫిషన్ అంటాం అన్నాడు. ఆ మాటే పెట్టేశారు, 1939 ఫిబ్రవరి 11 నాటి నేచర్‌లో మైట్నర్, ఫ్రిష్ పేపర్‌లో అచ్చయింది. ఇప్పుడు మన తెలుగు పుస్తకాలు చూడండి, అమీబా పాఠంలో 'ద్విధా విచ్ఛిత్తి', ఫిజిక్స్‌లో 'కేంద్రక విచ్ఛిత్తి'. తెలుగులోకి తెచ్చిన పెద్దలు రెండు చోట్లా ఒకే మాట ఉంచారు, ఎంత మంచి పని చేశారో. పదో తరగతిలో అమీబా బొమ్మ వేశాం, సాగుతుంది, నడుము సన్నబడుతుంది, రెండవుతుంది. రెండేళ్ళ తర్వాత అదే మాట కేంద్రకం దగ్గర కనిపిస్తే, ఇది ఆ అమీబా మాటేరా అని ఒక్కళ్ళంటే ఒక్కళ్ళు చెప్పలేదు నాకు. (మాటల దగ్గరే ఇంకోటి, పాఠంలో అణువు వేరు పరమాణువు వేరు అని నేర్పి, బయట పేపర్లో మాత్రం పరమాణువు పగిలే దాన్ని అణుబాంబు, అణువిద్యుత్తు అంటాం, పిల్లలు తికమక పడతారు, అదీ ఒక నిమిషం చెప్పండి.)

ఆ తర్వాతి సంగతులు మన పాఠాల్లో బానే ఉన్నాయి కాబట్టి త్వరగా చెప్పేస్తాను. బోర్ ఓడలో అమెరికా వెళ్ళడం, జనవరి 26న వాషింగ్టన్ మీటింగ్‌లో చెప్పడం, వారాల్లోనే లాబ్‌లన్నీ దాన్ని మళ్ళీ చేసి చూడటం. మార్చికల్లా పారిస్‌లో జోలియో గుంపు, న్యూయార్క్‌లో ఫెర్మి, జిలార్డ్ వాళ్ళు పగిలిన ప్రతిసారీ ఒకటి కంటే ఎక్కువ న్యూట్రాన్లు బయటికొస్తాయని చూపించారు, అంటే ఒకటి పగిలి ఇంకోదాన్ని పగలగొట్టుకుంటూ పోయే శృంఖల చర్య సాధ్యం. బోర్, వీలర్ కలిసి నెమ్మది న్యూట్రాన్లకి పగిలేది యురేనియం-235 అని వివరించారు, ఆ పేపర్ అచ్చయింది 1939 సెప్టెంబర్ 1న, హిట్లర్ పోలాండ్ మీద పడిన రోజే. 1942 డిసెంబర్ 2న షికాగోలో ఫెర్మి మొదటి రియాక్టర్ నడిపించాడు. 1945 ఆగస్టు 6న హిరోషిమా. బాంబు పనికి రమ్మని మైట్నర్‌ని పిలిస్తే నేను రాను అంది.

హాన్‌కి 1944 కెమిస్ట్రీ నోబెల్ వచ్చింది, ఒక్కడికే. యూదురాలైన మైట్నర్ పేరు 1938లో పేపర్ మీద పెట్టడం ఆ దేశంలో కుదిరే పని కాదు, అది నాకు అర్థమవుతుంది. కానీ యుద్ధం అయిపోయాక కూడా హాన్ ఇది పూర్తిగా కెమిస్ట్రీ విజయం అన్నట్టే చెప్పుకున్నాడు, అది మాత్రం నేను క్షమించలేను. మ్యూనిక్ మ్యూజియంలో ఆ ప్రయోగం బల్లని చాలా ఏళ్ళు హాన్ బల్ల అనే పేరుతోనే పెట్టారు, దాని మీదున్న ఫిజిక్స్ సరంజామా మైట్నర్ విభాగంలో అమర్చుకున్నది. స్ట్రాస్‌మన్ మాత్రం మా టీమ్‌కి మేధస్సు ఆవిడే అని తర్వాత రాశాడు. ఆయన గురించి ఇంకో మాట, నాజీల కాలంలో ఆయన, ఆయన భార్య ఒక యూదు స్త్రీని తమ ఇంట్లో దాచి కాపాడారు. ఆ బిట్‌లో రెండో పేరు వెనకాల ఇలాంటి మనిషి ఉన్నాడని కూడా పిల్లలకి తెలీదు. మైట్నర్ 1968లో పోయింది. 109వ మూలకానికి ఆమె పేరే పెట్టారు, మైట్నేరియం. పీరియాడిక్ టేబుల్‌లో ఆ పేరు చూపించి ఈవిడెవరో మీలో ఎవరికైనా తెలుసా అని ఒక్కసారి క్లాస్‌లో అడగండి.

ఇదంతా ఎక్కడో యూరప్ కథ, మనకెందుకు అని మీరు అనరని నాకు తెలుసు, కానీ కొందరు అంటారు, వాళ్ళ కోసం చెప్తున్నా. బెకరెల్ యురేనియంలో రేడియోధార్మికత కనుక్కున్న 1896లోనే మన పశ్చిమ గోదావరి గొరగనమూడిలో పుట్టిన స్వామి జ్ఞానానంద, సన్యాసం తీసుకున్న మనిషి, యూరప్ వెళ్ళి ఫిజిక్స్ నేర్చుకుని లివర్‌పూల్‌లో ఆ న్యూట్రాన్ కనుక్కున్న చాడ్విక్ దగ్గరే పరిశోధన చేసి, తర్వాత విశాఖలో ఆంధ్రా యూనివర్సిటీలో న్యూక్లియర్ ఫిజిక్స్‌ని నిలబెట్టారు. మా ఇంటికి దగ్గర్లోనే న్యూక్లియర్ ఫ్యూయల్ కాంప్లెక్స్ ఉంది, దేశంలో చాలా రియాక్టర్లకి ఇంధనం కట్టలు అక్కడ తయారవుతాయి. కడప జిల్లా తుమ్మలపల్లెలో యురేనియం తవ్వుతున్నారు. నల్లమలలో తవ్వొద్దని 2019లో తెలంగాణ అసెంబ్లీ తీర్మానం చేసింది. రేపు ఈ పిల్లలే దీని మీద అవునో కాదో చెప్పాలి, వాళ్ళకి తెలిసింది ఒక ఈక్వేషనూ రెండు పేర్లూ అయితే ఏం చెప్తారు?

నేను అడిగేది పెద్దదేం కాదు. లెక్చరర్లకి, ఒక్క పీరియడ్ ఇవ్వండి, ఈక్వేషన్ రాసే ముందు ఆ నాలుగేళ్ళ తప్పు చెప్పండి, ఉత్తరం చెప్పండి, చేమాకు పట్టుకెళ్ళండి. పుస్తకం రాసే పెద్దలకి, ఒక అర పేజీ, అందులో మైట్నర్, ఫ్రిష్‌ల పేర్లు, సంవత్సరం దగ్గర 1938 డిసెంబర్ అని ఉండాలి. పేపర్ సెట్ చేసేవాళ్ళకి, 'ఎవరు కనుగొన్నారు' అని కాకుండా 'అది రేడియం కాదు బేరియం అని వాళ్ళకి ఎలా తెలిసింది' అని అడిగి చూడండి ఒకసారి, రెండు మార్కులకే అడగండి.

మొన్న ఆదివారం మా పిల్లకి ఈ కథంతా చెప్పాను, సింక్ దగ్గర నిలబడి చేమాకు మీద బొట్టు వేసి ఊపి రెండు చేశాం, ఓ పది సార్లు చేసింది. తర్వాత కాసేపు ఆకు వంక చూస్తూ ఉండి అడిగింది, "పిన్నీ, యురేనియం అంత అంచు మీద ఉంటే, 450 కోట్ల ఏళ్ళకి గానీ సగం తగ్గదని అర్ధాయువు టేబుల్‌లో ఉంది కదా, మరి ఇన్నాళ్ళూ భూమిలో పగలకుండా ఎలా ఉంది, ఏది ఆపుతోంది దాన్ని?" నాకు తెలిసినంత చెప్పాను, బొట్టు కొంచెం సాగితే తలతన్యత మళ్ళీ వెనక్కి లాగేస్తుంది, ఒక గట్టు దాటేదాకా సాగితే తప్ప విడిపోదు, ఆ గట్టు దాటించే తోపు న్యూట్రాన్ ఇస్తుంది అని. దానికి సగమే తృప్తి కలిగింది, ఆ గట్టు ఎంత ఎత్తు, యురేనియం-238కీ 235కీ ఎందుకు తేడా అంటోంది. సోమవారం క్లాస్‌లో సార్‌ని అడుగుతానని నోట్‌బుక్ వెనక పేజీలో రాసుకుంది. అది అడిగినప్పుడు, దయచేసి, ఎగ్జామ్‌లో రాదని చెప్పకండి సార్.

ఇట్లు,
ఇంటర్‌లో మీలాంటి వాళ్ళ దగ్గరే ఫిజిక్స్ నేర్చుకున్న ఒక పాత స్టూడెంట్